సెప్టిక్ ట్యాంకు పని నేర్చుకుందాం – పాఠం 4: మడ్డి కొలిచే కర్ర

హనుమకొండలో ఓ ఇంటాయన నాతో గర్వంగా అన్నాడు: "పన్నెండేండ్లాయె సార్, మా ట్యాంకు ఒక్కసారి గూడ నిండలే."

ఈ పని నేర్చుకునేవాళ్లకు ఆ మాట వినగానే అనుమానం రావాలి. సరిగ్గా కట్టిన ట్యాంకు వాడకం మొదలైన కొన్నాళ్లకే బయటికిపోయే పైపు మట్టం దాకా నీళ్లతో నిండుతుంది. ఆ తర్వాత ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆయన ట్యాంకు మూత తీయిస్తే నీళ్లు పైపుకు మూరెడు కిందున్నాయి. అంటే అడుగో గోడో కారుతోంది. పక్కింట్లో చేదబావి ఉంది! ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి "నిండిందా?" అని అడగకండి, మడ్డి కొలవండి. అడుగున మడ్డి, పైన తెట్టు కలిపి మొత్తం లోతులో మూడో వంతుకు చేరాయంటే ఖాళీ చేయించాల్సిందే. మామూలు ఇంటికి రెండు మూడేళ్లకోసారి ఆ అవసరం పడుతుంది.

ఎనిమిదడుగుల వెదురు కర్రకు కింది సగం పాత తెల్ల తువ్వాలు చుట్టి సుతిలి కట్టండి. మొదటి గదిలో తెట్టును పక్కకు నెట్టి, కర్రను నిటారుగా, మెల్లగా అడుగు తాకేదాకా దించండి. తొందరపడితే మడ్డి లేచి కొలత చెడుతుంది. రెండు మూడు నిమిషాలాగి అంతే మెల్లగా తీయండి. నల్లటి రేణువులు అంటిన మేరకు మడ్డి, ఆ పైన ఉత్త తడి. అడుగు నుంచి మొత్తం తడి 150 సెంటీమీటర్లు, అందులో నలుపు 52 ఉందనుకోండి: తెట్టు లెక్కలోకి రాకముందే మూడో వంతు దాటింది, మడ్డి తోడే బండిని పిలవాలి.

మూత తీశాక కాసేపు దూరంగా ఉండండి. బీడీ, అగ్గిపుల్ల వద్దు. వాసన ఆగిపోతే గాలి మంచిదైందనుకోకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది. కర్ర జారి పడితే పోనీయండి. దానికోసం తల వంచొద్దు, ఎవరినీ దింపొద్దు. రక్షణ లేకుండా మనిషిని దింపడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. సర్టిఫికెట్ ఇచ్చే చేయి నాదైతే, కొలత తప్పినవాడికి మళ్లీ అవకాశమిస్తాను, లోపలికి వంగినవాడికి ఇవ్వను.

బండిని పిలిచేటప్పుడు లైసెన్సు అడగండి. మలవ్యర్థాలపై వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే నిబంధనలు తెచ్చింది. తోడిన మడ్డి అమ్మవారిపేట శుద్ధి కేంద్రానికి పోవాలి, చెరువు కట్ట కిందికి కాదు.

వచ్చే పాఠానికల్లా ఇంటివాళ్లను అడిగి ఒక్క ట్యాంకైనా, తోడుగా ఒకర్ని పెట్టుకుని, కొలవండి. నీటి లోతు, మడ్డి, ఆఖరుసారి తోడించిన ఏడాది నోటుబుక్కులో రాసి తెండి. చల్క నేలలో, నల్లరేగడిలో నీరు ఇంకే తీరు అప్పుడు చూద్దాం.