ఫిన్ హార్ప్స్ అభిమాని కావడం ఎలా?

ఐర్లండ్ వచ్చిన మనవాళ్లు చాలామంది వారాంతం సోఫాలో కూర్చుని మాంచెస్టర్, లివర్‌పూల్ మ్యాచ్‌లే చూస్తుంటారు. ఇక్కడివాళ్లలోనూ ఎక్కువమంది అంతే. డోనెగల్ కౌంటీలో ఉంటే మాత్రం ఒక శుక్రవారం రాత్రి బాలిబోఫే వెళ్లి, ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఫిన్ హార్ప్స్ ఆట చూసి రండి. నేనుండేది లెటర్‌కెన్నీలో, కారులో అరగంట ప్రయాణం. ఈ కౌంటీలో రైలు అనేదే లేదు కాబట్టి కారున్న ఫ్రెండ్‌ని ముందే పట్టుకోండి.

2003 నుంచి ఐర్లండ్ లీగ్‌ని వేసవి మీదుగా ఆడుతున్నారు. ఇప్పుడు ఫిబ్రవరిలో మొదలవుతుంది. వేసవి అన్నారు కదా అని టీషర్టుతో బయల్దేరకండి. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తప్పనిసరి. గొడుగు తెరిస్తే వెనక నిలబడ్డవాళ్లు ఊరుకోరు.

ఊళ్లో రెండు గ్రౌండ్లున్నాయి. మక్కూల్ పార్క్ గేలిక్ ఆటలది, అంటే ఐర్లండ్ సొంత ఆటలది. డోనెగల్‌వాళ్ల ప్రాణమంతా దానిమీదే. మీరు వెళ్లాల్సింది ఫిన్ పార్క్‌కి.

వెళ్లేముందు కాస్త చరిత్ర తెలుసుకోండి, లేకపోతే పక్కనున్న పెద్దాయన బ్రాడ్లీ గురించి మొదలుపెట్టగానే తెల్లమొహం వేయాల్సి వస్తుంది. హార్ప్స్ 1969లో లీగ్‌లో చేరింది. పెద్ద క్లబ్బుల స్థాయిలో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే షామ్రాక్ రోవర్స్ చేతిలో 10-2తో చిత్తయింది. అదే హార్ప్స్ 1974లో ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం నడిపే ఎఫ్‌ఏఐ కప్ ఎత్తింది. హార్ప్స్ ఆటగాడు బ్రెండన్ బ్రాడ్లీ లీగ్‌లో మొత్తంగా కొట్టిన 235 గోల్స్ ఐర్లండ్ రికార్డు. 1976లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఈఎఫ్‌ఏ కప్‌లో ఇంగ్లండ్ జట్టు డెర్బీ కౌంటీ హార్ప్స్‌ని 12-0తో ఉతికేసింది. ఆ స్కోరు గురించి మీరుగా ఎత్తకండి, వాళ్లే నవ్వుతూ చెబుతారు.

పాయింట్ల పట్టిక చూడటం తేలికే. ప్రీమియర్, ఫస్ట్ అని రెండు డివిజన్లు, ఒక్కోదాంట్లో పది జట్లు. కింది డివిజన్‌లో మొదటి జట్టు నేరుగా పైకి వెళ్తుంది. తర్వాతి నాలుగూ ప్లేఆఫ్‌లు ఆడితే, అందులో మిగిలిన జట్టు ప్రీమియర్‌లో తొమ్మిదో జట్టుతో తలపడుతుంది, గెలిస్తే అదీ పైకే. హార్ప్స్ 2015లో పైకి, 2017లో కిందికి, 2018లో మళ్లీ పైకి, 2022లో మళ్లీ కిందికి. మీకు బీపీ ఉంటే ఆలోచించుకోండి.

పట్టిక కంటే ముందు చూడాల్సింది క్లబ్బు జేబు. నా లెక్కలో అసలు ఆట అదే. స్పోర్టింగ్ ఫింగల్ అనే క్లబ్బు 2009లో ఎఫ్‌ఏఐ కప్ గెలిచింది, 2011 సీజన్ మొదలయ్యేలోపే మూతపడింది. మోనహన్ యునైటెడ్ 2012లో సీజన్ మధ్యలోనే తప్పుకుంది. 2018 ప్లేఆఫ్‌లో హార్ప్స్ ఓడించిన లిమెరిక్ క్లబ్బు మరుసటి ఏడాదే అప్పుల్లో మునిగింది, 2020కల్లా లీగ్‌లోనే లేదు. హార్ప్స్‌కీ ఈ తంటా ఉంది. ఫిన్ నది అవతల స్ట్రానోర్లార్‌లో కొత్త స్టేడియం పనులు మొదలై ఏళ్లకేళ్లు ఆగిపోయాయి.

ఆటగాళ్లను అమ్మితే డబ్బు వస్తుంది కదా అంటారా? డోనెగల్ కుర్రాడు షేమస్ కోల్‌మన్‌ని ఇక్కడి క్లబ్బు స్లైగో రోవర్స్ 2009లో ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్‌కి అమ్మింది 60,000 పౌండ్లకు! తర్వాత అతను ఐర్లండ్ కెప్టెన్ అయ్యాడు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ క్లబ్బులు 18 ఏళ్లు నిండని ఐరిష్ కుర్రాళ్లను తీసుకోలేవు. అందుకని ఇప్పుడు మంచి కుర్రాళ్లు ఇక్కడే ఇంకొన్నాళ్లు ఆడుతున్నారు, చూడటానికి వెళ్లే మనకది లాభమే.

అందుకే గ్రౌండ్‌లో ఖర్చుపెట్టే ప్రతి యూరోకీ విలువుంది. ఫిఫ్టీ-ఫిఫ్టీ టికెట్లు అమ్ముతూ వచ్చేవాళ్లు సాధారణంగా వాలంటీర్లే. వసూలైన డబ్బులో సగం లాటరీ తగిలినవాళ్లకి, సగం క్లబ్బుకి. ఒకటి కొనండి, నంబరు చదివేటప్పుడు పారేయకుండా చేతిలో ఉంచుకోండి. టీ కూడా అక్కడే తాగండి, రుచి సంగతి అడక్కండి. కుర్చీ కోసం వెతక్కుండా మెట్ల మీద నిలబడండి. ఆటగాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం వినపడేంత దగ్గర. వెళ్లలేని వారం లీగ్ ఆన్‌లైన్ ప్రసారం ఎల్‌ఓఐ టీవీలో డబ్బు కట్టి చూడొచ్చు.

పొరుగు ప్రత్యర్థి డెర్రీ సిటీతో మ్యాచ్ పడితే మాత్రం టికెట్ ముందే కొనేయండి. గేటు దగ్గర చూద్దాంలే అనుకుంటే గేటునే చూసి రావాల్సి వస్తుంది.