స్పానిష్ పదాన్ని ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి

హోటల్, డాక్టర్ తెలిసిన మాటలే కదా అని స్పానిష్‌లో కూడా మనలాగే అనేస్తాం, కానీ వాళ్ళు ఒ-తెల్ అని తెల్ మీద, దొక్-తోర్ అని తోర్ మీద నొక్కుతారు. ఎక్కడ నొక్కాలన్న లెక్క పదం చివర్నించి మొదలవుతుంది, అందుకే ముందు పదాన్ని సిలబుల్స్‌గా, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలుగా, విరవడం రావాలి.

ఇక్కడ మన లిపే మనల్ని ముంచుతుంది. కార్త అంటే ఉత్తరం, ర్త ఒక్క అక్షరంలా కనబడుతుంది కాబట్టి కా-ర్త అని విరిచేస్తాం, నేనూ చాన్నాళ్ళు అలాగే చేశా. అది కార్-త. రెండు హల్లులు పక్కపక్కన వస్తే మొదటిది వెనక్కి పోతుంది. సంయుక్తాక్షరం ముందున్నది గురువు అవుతుందని ఛందస్సులో చదువుకున్నాం చూడండి, అదే లాజిక్. బ్ర, ప్ల, త్ర, క్ల లాంటి జంటల్ని మాత్రం విడదీయొద్దు, లి-బ్రో. హల్లు ఒక్కటే ఉంటే గొడవే లేదు, కా-స. త్ల దగ్గర వాళ్ళలో వాళ్ళకే తేడా, స్పెయిన్‌లో ఎక్కువగా అత్-లె-త, మెక్సికోలో అ-త్లె-త, రెండూ రైటే.

అచ్చుల్లో అ, ఎ, ఒ మొండివి, రెండు మొండివి పక్కనపడితే విడిపోతాయి, తె-ఆ-త్రో. ఇ, ఉ మెత్తనివి, పక్కదాంతో కలిసిపోతాయి, బ్వే-నో రెండే సిలబుల్స్. ఇ మీద గీత, అంటే స్పానిష్ రాతలో అచ్చు నెత్తిన పెట్టే చిన్న ఏటవాలు గీత (í), ఉంటే మళ్ళీ విడిగానే, దీ-అ.

ఇక నొక్కడం. పదం చివర అచ్చు గానీ ఎన్ గానీ ఎస్ గానీ ఉంటే చివర్నించి రెండో సిలబుల్ మీద, వేరే హల్లు ఉంటే చివరిదాని మీద, పైన గీత ఉంటే ఈ రెండూ పక్కనపెట్టి గీత ఉన్నచోటే. ఎన్, ఎస్‌లకి ఈ స్పెషల్ ట్రీట్‌మెంట్ ఏంటి అంటే, బహువచనానికి తగిలేవి అవే: కాస అంటే ఇల్లు, కాసస్ అంటే ఇళ్ళు, అబ్ల అంటే మాట్లాడతాడు, అబ్లన్ అంటే మాట్లాడతారు. తోక తగిలినా నొక్కు కదలకూడదు, అంతే.

ఇది పట్టుకుంటే గీత ఎందుకు వస్తూ పోతూ ఉంటుందో కూడా తెలిసిపోతుంది. పాట అంటే కన్-స్యోన్, చివర ఎన్ ఉంది కాబట్టి రూల్ ప్రకారం కన్ మీద పడాలి, కానీ వాళ్ళు స్యోన్ మీద నొక్కుతారు, అందుకే గీత పెడతారు. పాటలు అనేసరికి కన్-స్యో-నెస్, ఇప్పుడు రూలే స్యో మీదకి తెస్తోంది, గీత ఎగిరిపోతుంది.

ఇంకోటి, గీత కనబడగానే దాన్ని మన దీర్ఘంలా సాగదీయకండి, గొంతు కాస్త పెంచితే చాలు. అలాగని గీతని వదిలేయడమూ కుదరదు: అ-బ్లో అని అ మీద నొక్కితే నేను మాట్లాడతాను, బ్లో మీద నొక్కితే ఆయన మాట్లాడాడు.