ఇనియెస్టా గోల్ కొట్టాలంటే ముందు బాల్ ఆపడం నేర్చుకోండప్పా

2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద స్పెయిన్ ఆటగాడు ఇనియెస్టా కొట్టిన గోల్ చూసి మా అనంతపురం పిల్లోళ్లు ఆ ఆఖరి తన్ను ఒక్కటే ప్రాక్టీస్ చేస్తుంటారు, బాల్ నేల మీద పెట్టేది, ఉరికొచ్చి గట్టిగా తన్నేది, అది పోయి కాంపౌండ్ గోడ అవతల పడేది. అట్ల రాదు. ఆ గోల్ పని సగానికి పైగా తన్నకముందే అయిపోయింది.

ఫస్ట్ వీడియో సరిగ్గా చూడండి. స్పెయిన్ ఆటగాడు జీసస్ నవాస్ రైట్ సైడ్ నుంచి బాల్ తీసుకొని ఉరకడం కాడి నుంచి మొదలుపెట్టి, బాల్‌ని వదిలేసి ఇనియెస్టా ఒక్కడినే చూడండి. మధ్యలో మడమతో తన టీమ్ ఫాబ్రెగాస్‌కి ఒక పాస్ ఇచ్చి ముందుకు పోతాడు. తర్వాత లెఫ్ట్ నుంచి ఇంకో స్పెయినోడు టోరెస్ ఇతని కోసమే గోల్ ముందుకు వేసిన క్రాస్ అందదు, నెదర్లాండ్స్ వాన్ డెర్ వార్ట్ అడ్డం పడతాడు. మనోళ్లయితే అక్కడే నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోతారు. ఇనియెస్టా మాత్రం గోల్ ముందుండే బాక్స్‌లో కుడి పక్కనే, డిఫెండర్లను దాటి ముందే పోయి ఆఫ్‌సైడ్ కాకుండా ఉన్నాడు, ఆ బాల్ ఫాబ్రెగాస్‌కి దొరకంగానే పాస్ ఇతని కాళ్ల దగ్గరికే వచ్చింది. 109వ నిమిషంలో నెదర్లాండ్స్ డిఫెండర్ హైటింగా రెడ్ కార్డుతో పోయినాడు కాబట్టి వాళ్లు పదిమందే, గోల్ పడిన 116వ నిమిషానికి ఎవరి కాళ్లలోనూ సత్తువ లేదు, అందుకే ఆ ఖాళీ దొరికింది.

ఇప్పుడు గ్రౌండ్‌కి రండి. పొద్దున్నే రండి, ఆషాఢం గాలి మొదలైతే మన ఊర్లో లేచిన బాల్ యాడికి పోతుందో చెప్పలేం. గరుసు నేల అయితే బాల్‌లో గాలి కొంచెం తగ్గించండి, లేకుంటే రాయి తగిలి మూతికి లేస్తుంది. ఫ్రెండ్‌ని బాక్స్ బయట మధ్యలో నిలబెట్టి, మీరు కుడి పక్క, గోల్‌కి పది పన్నెండు గజాల దూరంలో నిలబడండి. పాస్ దొర్లించకుండా మోకాలి కింద ఎత్తులో ఒక గంతు వేసి వచ్చేట్టు ఇమ్మనండి.

బాల్ ఆపేటప్పుడు చీలమండ బిగబట్టొద్దు. నెత్తిమీది బిందె దించేటప్పుడు బరువు తగలంగానే చేతులు కిందికి వదులుతాం చూడండి, పాదం కూడా అంతే, బాల్ తగలంగానే వెనక్కి వదలాలి. అప్పుడది ఒక మూర ముందుకి, కొంచెం పైకి లేస్తుంది. మొదటి వారం ఇదొక్కటే చేయండి, గోల్ వైపు కొట్టనే కొట్టొద్దు. బోర్ కొడుతుంది, కొట్టనీ.

తర్వాత ఆగడం. లేచిన బాల్ దిగేదాకా కాలు ఊపకూడదు, డిఫెండర్ మీదికి వస్తున్నా సరే. ఇది చానా కష్టం, ఎందుకంటే భయంతో ముందే తన్నేస్తాం, అందుకే అది ఆకాశానికి పోతుంది. ఎడమ కాలు బాల్ పక్కనే ఆనించి, వేళ్లు కిందికి వంచి, మోకాలు బాల్ మీదికి తెచ్చి, షూ లేసులు కట్టే చోట తగిలించండి. ఒళ్లు వెనక్కి వాల్చినారంటే అయిపోయింది. గురి ఎప్పుడూ దూరం పోస్ట్ వైపే, అంటే మీకు అవతలి పక్కనుండే గోల్ స్తంభం. ఆ రోజు నెదర్లాండ్స్ గోల్ కీపర్ స్టెకెలెన్‌బర్గ్ చెయ్యి తగిలినా బాల్ ఆగలేదు కదా, అడ్డంగా పోయే షాట్‌కి ఆ లాభముంది, కీపర్ ఆపినా తగిలి ఎగిరొచ్చిన బాల్ అవతలి పక్క మనోడికి దొరకొచ్చు.

ఇదంతా వచ్చినాక ఒక డిఫెండర్‌ని పెట్టుకోండి, ముందు నడుస్తూ రమ్మని, తర్వాత ఉరుకుతూ.

ఇంక షర్ట్ విప్పడం గురించి, ఎట్లాగూ అడుగుతారు కాబట్టి. ఇనియెస్టా లోపలి బనీను మీద 2009లో చనిపోయిన స్పెయిన్ క్లబ్ ఎస్పన్యోల్ కెప్టెన్ డానీ హార్కే పేరు రాసుకొని వచ్చినాడు, అది చూపించడానికి విప్పినాడు, దానికి ఎల్లో కార్డ్ కూడా తిన్నాడు. మీకు ఆ మ్యాచ్‌లో ముందే ఒక ఎల్లో ఉంటే మాత్రం షర్ట్ జోలికి పోవద్దు నాయనా, రెండు ఎల్లోలైతే రెడ్ కార్డే, గోల్ కొట్టి కూడా బయట కూర్చోవాల్సి వస్తుంది.