సముద్రం దాటి కడపకు తిరిగి వచ్చేవారికి

కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు దాదాపు 2,700 నాటికల్ మైళ్లు. మెకానిక్‌గా నన్ను ఎక్కించుకున్న తెరచాప పడవకు 22 రోజులు పట్టింది. పడవ ఎక్కడం ఎలాగో చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. దిగడం ఎలాగో ఒక్కరూ చెప్పలేదు.

చివరి మూడు రోజుల నుంచే దిగడం మొదలుపెట్టండి. రాత్రి కాపలా ఒకటి అదనంగా అడిగి తీసుకోండి. నేల ఎప్పుడు కనిపిస్తుందా అన్న ఆరాటం, గాలి పడిపోయి ఇంకో రోజు ఆలస్యమైతే బాగుండునన్న ఆశ, రెండూ ఒకేసారి పుడతాయి. ఆ మాట మిగతా ముగ్గురికి చెప్పడానికి నాకు సిగ్గేసింది. చివరి రాత్రి ఒకాయన, గాలి పెద్దగా లేకపోయినా, తెరచాప కుదించి వేగం తగ్గించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. 1969లో ఫ్రెంచి నావికుడు బెర్నార్ మోయితెస్సియె, ఒంటరిగా ప్రపంచం చుట్టివచ్చే పడవ పందెం గెలిచే అవకాశం ఉండి కూడా, ఇంగ్లండుకు వెళ్లకుండా తాహితీ వైపు సాగిపోయాడు. మనం అంతదాకా పోనక్కర్లేదు, ఇంట్లో వాళ్లు ఊరుకోరు.

రేవు చేరిన రాత్రి పడవలోనే పడుకోండి. నేను హోటలుకు పరుగెత్తాను. రెండు గంటలకు మెలకువ వచ్చి, చుక్కాని దగ్గర ఎవరున్నారోనని కంగారుపడి వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

నేల ఊగుతుంది. స్నానాల గదిలో మరీ ఎక్కువ. కళ్లు మూసుకుని తల మీద నీళ్లు పోసుకునేసరికి గోడ పట్టుకోవలసి వచ్చింది. కొన్నాళ్లు స్టూలు మీద కూర్చుని పోసుకోండి. కదిలే బండిలో కూర్చుంటే ఈ ఊగుడు తగ్గుతుంది. చెన్నై నుంచి కడపకు రైల్లో పట్టిన నిద్ర నాకు మళ్లీ పట్టలేదు. ఊగుడు మామూలుగా కొద్ది రోజుల్లో పోతుంది. నెల దాటినా పోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పడవలో కలవరించిన తిండిని మొదటి రోజే తినకండి. ఇరవై రెండు రోజులు నేను కారం దోసె గురించే మాట్లాడాను. ఇంటికొచ్చి సగం తినేసరికి కళ్ల నీళ్లు వచ్చాయి. "కారం తగిలిందా నాయనా?" అంది అమ్మ. అవునన్నాను.

వీధిలో అందరూ తిమింగలం గురించే అడుగుతారు. నాకు ఒక్కటీ కనిపించలేదు. తెల్లారేసరికి డెక్కు మీద పడి ఉండే ఎగిరే చేపల గురించి చెప్పండి, పిల్లలకు అది చాలు.

నిద్ర పట్టని రాత్రులు మేడ ఎక్కండి. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉంటే అది ఆ చోటి అక్షాంశం. చెయ్యి చాచి పట్టిన పిడికిలి సుమారు పది డిగ్రీలు. లాస్ పాల్మాస్‌లో మూడు పిడికిళ్లకు కాస్త తక్కువగా ఉన్న చుక్క, వెళ్లేకొద్దీ దిగుతూ సెయింట్ లూసియాలో పద్నాలుగు డిగ్రీలకు వచ్చింది. కడపలో పద్నాలుగున్నర. అంటే అక్కడ రేవులో చూసిన ఎత్తులోనే, పిడికిలిన్నర దగ్గర, మా మేడ మీద కూడా కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకు అడ్డు రాకుండా తూర్పు మూలకు జరిగి నిలబడాలి, అంతే.