అర్హత లేని కనికరానికి కృతజ్ఞత చెల్లించే విధం

లూకా సువార్త 17వ అధ్యాయంలో శుద్ధులైన 10 మంది కుష్ఠరోగులలో తిరిగివచ్చి యేసు పాదాల వద్ద సాగిలపడినవాడు యూదులు అన్యునిగా చూసిన సమరయుడొక్కడే కనుక, మేలు పొందిన రోజే, మిగిలిన పనులకంటే ముందు, మోకరించి ఆ మేలును పేరుపెట్టి చెప్పండి. “అన్నిటికీ స్తోత్రం” అని ముగించక, ఆయన క్షమించిన పాపాన్ని కూడా ఆయన ఎదుట ఒప్పుకోండి. తన అయోగ్యతను ఎరిగినవాని స్తుతికే లోతు ఉంటుందని నా నమ్మకం. ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టినప్పుడు భోజనాలకంటే సాక్ష్యానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

అన్నిటికంటే కష్టమైనది క్షమించడం. మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో, జీవితమంతా కష్టపడినా తీర్చలేని 10,000 తలాంతుల అప్పు మాఫీ పొందిన దాసుడు, సుమారు 100 రోజుల కూలి అయిన 100 దేనారాల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. మీకు బాకీపడి ముఖం చాటేస్తున్న బంధువు ఇంటికి ఈ వారమే వెళ్లి, బాకీ మాట ఎత్తకుండా కుశలం అడిగి రండి.