వేళ్ళూ కళ్ళూ పోగొట్టుకోకుండా కటింగ్ మిషన్ వాడడం ఎలా?

భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా నరసాపురం దాకా రోడ్డు పక్కన ఏ వెల్డింగ్ షాపు ముందు ఆగినా కటింగ్ మిషన్ గోల వినిపిస్తుంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ల ఫ్రేములు, పంపుషెడ్డు తలుపులు అన్నీ దాని కింద కోసిన ఇనుముతో చేసినవే. పద్నాలుగు అంగుళాల వీల్, అంటే 355 మిల్లీమీటర్లది తిరిగే ఈ మిషన్ ఇప్పుడు కొందరు రైతుల షెడ్లలోనూ కనిపిస్తోంది. పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. నేనూ అలాగే నేర్చుకున్నాను, అందులో సగం తప్పుగా.

మనం నోటి వాటంగా బ్లేడు అంటాం గానీ ఇది రంపం కాదు. దీనికి పళ్ళు లేవు. సానరాయి లాంటి గరుకు రేణువుల్ని రెజిన్ అనే జిగురుతో కలిపి, గాజునార వల పెట్టి, పల్చగా ఒత్తి, వేడిలో గట్టిపరచిన చక్రం. మందం మహా అయితే మూడు మిల్లీమీటర్లు. ఒకరకంగా అప్పడమే అనుకోండి. చెమ్మ తగలకూడదు, పక్క నుంచి నొక్కకూడదు, కింద పడెయ్యకూడదు. కాకపోతే ఈ అప్పడం నిమిషానికి 3,800 సార్లు తిరిగేటప్పుడు దాని అంచు గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ముక్క విరిగితే ఆ వేగంతోనే బయటికొస్తుంది.

ముందు వీల్ సంగతి

మా వైపు వీల్‌కి మొదటి శత్రువు గాలిలో చెమ్మే. ఒక వానాకాలం, షెడ్డులో సిమెంటు గోడకు మేకుకి తగిలించి ఉన్న వీల్ తీసి బిగించాను. పైకి కొత్తదానిలాగే ఉంది. స్విచ్ నొక్కిన రెండు సెకన్లకు మిషన్ మొత్తం గడగడా వణికి, టప్‌మంది. ఒక ముక్క వీల్ మీద కప్పి ఉండే గార్డును లోపలి నుంచి సొట్ట పెట్టింది, ఇంకొకటి పైకప్పు రేకుకి తగిలి నా చెప్పుల దగ్గర పడింది. ఆ క్షణాన నేను వీల్‌కి ఎదురుగా కాక ఎడమ పక్కకు ఉన్నానంటే అది నా తెలివేం కాదు, అటువైపు ఫ్యాను ఉంది. చెమ్మ పీల్చిన వీల్‌లో జిగురు పట్టు సడలుతుంది. ఒక పక్క బరువెక్కితే బ్యాలెన్స్ కూడా తప్పుతుంది. అప్పటి నుంచి నా వీల్స్ మూతున్న డబ్బాలో, చదునైన పలక మీద పడుకుని ఉంటాయి.

బిగించే ముందు ప్లగ్ పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు. వీల్‌ను వెలుతురులో రెండు పక్కలా తిప్పి చూడండి. అంచున పెచ్చు లేచినా, సన్నని బీట కనిపించినా, వంగినట్టున్నా పక్కన పడెయ్యండి. మంచి బ్రాండుల వీల్స్‌కి నడుమ ఇనుప రింగు మీద గడువు నెల, ఏడాది కొట్టి ఉంటాయి. మామూలుగా తయారైన మూడేళ్ళ వరకు ఇస్తారు. లేబుల్ మీద గరిష్ఠ వేగం కూడా ఉంటుంది. 355 మిల్లీమీటర్ల వీల్ మీద సాధారణంగా నిమిషానికి 4,300 సార్లు అని చూస్తారు. మిషన్ ప్లేటు మీద ఉన్న వేగం అంతకంటే తక్కువే ఉండాలి.

ఇదే లెక్కతో ఇంకో ప్రాణాంతకమైన అలవాటు గురించి చెప్పాలి. గార్డు ఊడదీసి, వీల్ నడుమ బొక్క సరిపోయేలా బుష్ అనే రింగు వేసి, పెద్ద మిషన్‌లో అరిగిపోయిన వీల్‌ను నాలుగంగుళాల గ్రైండర్‌కి పెడతారు. ఆ చిన్న గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. 4,300కి మించకూడని వీల్ అక్కడ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వీల్ ఖరీదుకు కక్కుర్తి పడి చేసే పని ఇది. కటింగ్ మిషన్‌కి చెక్క కోసే పళ్ళ బ్లేడు పెట్టడం కూడా అంత పనే.

స్పిండిల్, అంటే తిరిగే ఇరుసు మీద వీల్ దానంతటది జారి కూర్చోవాలి, సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. రెండు వైపులా వీల్ని పట్టి ఉంచే ఇనుప బిళ్ళలు, అంటే ఫ్లాంజ్‌లు ఒకే సైజువి, శుభ్రంగా ఉండాలి. వీల్ మీది కాగితం లేబుల్ పీకకండి, ఫ్లాంజ్ ఒత్తిడి సమానంగా పడడానికే అది ఉంది. గార్డు చేత్తో ఎత్తి వదలండి. ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టి సగంలో ఆగిపోవడం తీరం వైపు షాపుల్లో మామూలే. చక్కగా వెనక్కి పడకపోతే ఆ రోజు కోత లేదు. కొత్త వీల్ వేశాక ఏమీ కోయకుండా, పక్కకు నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

కరెంటు, చోటు

ఇది 2,000 వాట్లు దాటిన మోటారు. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్త్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. చెరువు గట్టు మీద రిపేరు అంటే సన్నటి వైరు వంద అడుగులు లాగేస్తారు. వోల్టేజీ పడిపోతుంది, వీల్ నెమ్మదిస్తుంది, కోత సాగడం లేదని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, వీల్ విరుగుతుంది. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా, అతుకులు లేకుండా ఉండాలి. తడి మట్టిలో నిలబడి కోయకండి. మిషన్ కింద పలక వేసుకోండి, నీళ్ళకు దూరంగా జరపండి. పని మధ్యలో కరెంటు పోతే మొట్టమొదట స్విచ్ లాక్ విప్పండి. లేకపోతే టీ తాగుతుండగా కరెంటొచ్చి మిషన్ తనంతట తానే లేస్తుంది.

నిప్పురవ్వలు ఎటు పోతాయో ముందే చూసుకోండి. తాటాకు పాక, గడ్డివాము, థిన్నర్ డబ్బా, గ్యాస్ సిలిండర్, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ, ఏవీ ఆ దారిలో ఉండకూడదు. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు కుప్పలతో మరీ జాగ్రత్త. రవ్వ పడితే వెంటనే మండదు, లోపల్లోపల రాజుకుంటూ ఉంటుంది. పని అయ్యాక అరగంటైనా అక్కడే ఉండి చూడండి. డీజిల్ గానీ పురుగుమందు గానీ పోసిన ఖాళీ డ్రమ్మును తొట్టి చేద్దామని ఈ మిషన్ కింద పెట్టొద్దు. లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

ఒంటి మీద ఏముండాలి

కళ్ళద్దాలు పెట్టుకుని, వాటి మీద ఫేస్ షీల్డు దించాలి. ఒక్కటి చాలదు. చెవులకు మఫ్స్, ముక్కుకు దుమ్మాపే మాస్కు, బూట్లు. లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులతో కోసేవాళ్ళను రోజూ చూస్తున్నాను. పాలిస్టరు చొక్కా రవ్వ తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, నూలుది వేసుకోండి. మెడలో తువ్వాలు తీసెయ్యండి. గ్లవ్స్ వేసుకుంటే చేతికి సరిపడే తోలువే, పోగులు వేలాడే బట్టవి వద్దు.

కోత

ముక్కను వైస్‌లో బిగించకుండా చేత్తో పట్టుకుని కోయడం ఎప్పుడూ, ఎంత చిన్న పనికైనా వద్దు. L ఆకారంలో ఉండే యాంగిల్‌ను తిరగేసిన దోనెలా, రెండు అంచులూ కిందికి ఉండేలా పెట్టండి. కోత పైనుంచి కింది దాకా ఒకే మందంలో సాగుతుంది. పట్టీలా ఉండే ఫ్లాట్‌ను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి. ఇరవై అడుగుల పైపు అయితే దూరపు కొస కింద, మిషన్ మట్టానికి సమానంగా స్టాండు పెట్టండి. తెగి పడే ముక్క కింద మాత్రం ఏమీ పెట్టకండి. చాలామంది రెండు వైపులా ఆసరా ఇస్తారు. అప్పుడు సగం తెగాక ఇనుము నడుము కుంగి, కోత సందు మూసుకుని, వీల్‌ను పట్టేస్తుంది. ఈ మిషన్‌తో జరిగే పెద్ద ప్రమాదాల్లో ఇదొకటి.

వీల్ తిరిగే గీతకు ఎదురుగా ఎవరూ ఉండకుండా, హెల్పరుతో సహా, పక్కకు జరగండి. స్విచ్ నొక్కి పూర్తి వేగం అందుకునేదాకా ఆగి, అప్పుడు మెల్లగా దించండి. మొదటి రెండు మిల్లీమీటర్లు ముద్దాడినట్టు తగలాలి. గాటు పడ్డాక ఒకే బరువుతో దించుతూ పోండి. చెవి మోటారు మీదే ఉండాలి. స్వరం బొంగురుపోతే కొంచెం ఎత్తండి. కోసిన చోట నీలంగా మాడుతుంటే వీల్ మొద్దుబారిందనో, మీరు మరీ నెమ్మదిగా రుద్దుతున్నారనో అర్థం. పక్కకు లాగి వంకర సరిచేద్దామనుకోవద్దు. వంకర పోతే ఆపి, మళ్ళీ బిగించి మొదలెట్టండి.

అల్యూమినియం కిటికీ సెక్షన్లు దీని మీద కోయకండి. మెత్తని లోహం వీల్ అంచున మెత్తుకుని కోత ఆగిపోతుంది, వీల్ వేడెక్కి విరగొచ్చు. జింకు పూత ఉన్న జీఐ పైపు కోస్తే జింకు పొగ వస్తుంది, గాలాడే చోట కోయండి.

తెగాక మిషన్ తల పైకెత్తి, స్విచ్ వదిలి, వీల్ పూర్తిగా ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడండి. చెక్కముక్క అడ్డం పెట్టి ఆపడం, దాని పక్క మీద ఇనుము సాన పెట్టడం రెండూ తప్పే. తెగిన ముక్క కొస బాగా కాలి ఉంటుంది, పట్టకారుతో తీయండి.

కంట్లో నలుసు పడితే

రుద్దకండి. పక్కవాడు చొక్కా కొస మెలిపెట్టి తీస్తానంటాడు, వద్దనండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి, పోకపోతే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నల్లగుడ్డు మీద దిగిన ఇనుప రజను అక్కడే తుప్పు పట్టి మరక పెడుతుంది, ఆలస్యమైతే దాన్ని గీరి తీయాల్సి వస్తుంది. ఇంకొకటి, ఎప్పుడైనా ఎంఆర్‌ఐ స్కానింగుకు వెళ్తే, ఇనుము కోసే పని చేశానని, కంట్లో నలుసు పడిందని అక్కడివాళ్ళకు ముందే చెప్పండి. లోపల రజను మిగిలి ఉంటే ఆ స్కానింగ్ మిషన్లోని అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది.