హైబ్రిడ్ సోలార్ సెల్ పాఠాలు - 4: కణాల మీది పొర మార్చడం

గత పాఠంలో పీ3హెచ్‌టీ అనే, వెలుగు పీల్చుకుని కరెంటును మోసే పాలిమర్‌లో కాడ్మియం సెలెనైడ్ అనే సెమీకండక్టర్ నానోకడ్డీలు కలిపి ఫిల్మ్ వేశాం. వెలుతురును బాగానే పీల్చుకుంది, కరెంటు మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు చాలామంది పాలిమర్ మార్చేద్దామనుకుంటారు. తొందరపడకండి, ముందు కణాల, అంటే ఆ కడ్డీల, సంగతి చూడాలి.

వెలుగు పడితే పాలిమర్‌లో పుట్టేది ఎక్సిటాన్, అంటే ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) విడిపోని జంట. అది సుమారు 10 నానోమీటర్లు కదిలేలోపే కణం అంచును చేరాలి. చేరితే ఎలక్ట్రాన్ కణంలోకి వెళ్తుంది, లేకపోతే ఆ శక్తి వృథా. అంచు దగ్గర ఇంకో అడ్డు ఉంది. తయారీలో కణాలు ముద్దకట్టకుండా అంటించిన పొడవాటి అణువులు, లైగాండ్లు, ఇంకా వాటిని చుట్టుకునే ఉన్నాయి. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు ఒలవకుండా కనెక్షన్ ఇచ్చినట్టుంటుంది పరిస్థితి.

ఆ పొడవాటి లైగాండ్లు తీసి, వాటి స్థానంలో పిరిడిన్ అనే ద్రావకపు పొట్టి అణువులను అంటించాలి. కడిగిన కణాలను పిరిడిన్‌లో వేసి, నైట్రోజన్ వాతావరణంలో రాత్రంతా రిఫ్లక్స్ చేయండి, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ అందులోకే పడేలా మరిగించండి. పిరిడిన్ 115 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చల్లారాక హెక్సేన్ అనే ద్రావకం పోయండి. ఇంతకుముందు హెక్సేన్‌లో తేటగా కలిసిపోయిన కణాలు ఇప్పుడు మసకబారి అడుక్కి దిగితే, పొర మారినట్టే. సెంట్రిఫ్యూజ్ చేశాక (వేగంగా తిప్పి కణాలను అడుక్కి దించాక) పైన తేలిన ద్రవాన్ని సింకులో పోయకండి, కాడ్మియం వ్యర్థాల సీసాలోకి వెళ్లాలి. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే పెట్టెలో), గ్లోవ్స్ వేసుకునే చేయండి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అసలు చిక్కు ఇక్కడే. పాలిమర్‌కు క్లోరోఫాం నచ్చుతుంది, కొత్త పొర కణాలకు పిరిడిన్ నచ్చుతుంది. ఉత్త క్లోరోఫాంలో కణాలు గుంపుకడతాయి, పిరిడిన్ ఎక్కువైతే పాలిమర్ కరగకుండా విడిగా పేరుకుంటుంది. క్లోరోఫాంలో కాస్త పిరిడిన్ కలిపి, కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. ఫిల్మ్ తేటగా రావాలి, పాలలా కనిపిస్తే కణాలు గుంపుకట్టినట్టు.

తర్వాత ఫిల్మ్‌ను గాలి తగలకుండా 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మిగిలిన పిరిడిన్ పోయి కణాలు దగ్గరవుతాయి. 2002లో హుయిన్, డిట్మర్, అలివిసాటోస్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి మిశ్రమంతోనే, 7 నానోమీటర్ల మందం, 60 నానోమీటర్ల పొడవున్న కడ్డీలు వాడి 1.7 శాతం సామర్థ్యం సాధించారు. గుండ్రటి కణాలైతే ఎలక్ట్రాన్ ఒకదాన్నుంచి ఒకదానికి పదేపదే దూకాలి, కడ్డీలో అయితే చాలా దూరం నేరుగా పోతుంది.

వచ్చే పాఠం లోపు ఒకే ద్రావణంతో రెండు సెల్‌లు చేయండి, ఒకదాని ఫిల్మ్‌ను మాత్రమే వేడిచేయండి. రెండింటి జే-వీ వక్రాలూ (వోల్టేజీతో కరెంటు సాంద్రత ఎలా మారుతుందో చూపే గీతలు) గీసి, ఫిల్ ఫ్యాక్టర్ (సెల్ ఇచ్చే గరిష్ఠ పవర్, దాని గరిష్ఠ వోల్టేజీ, గరిష్ఠ కరెంటుల లబ్ధంలో ఎంత భాగమో), షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు కొసలూ నేరుగా కలిపితే వచ్చే కరెంటు) పక్కపక్కన రాసుకోండి. ఆ అంకెలతోనే ఫిల్మ్ మందం పాఠం మొదలుపెడదాం.